సైట్ డ్రెస్సులో సుధాకరన్న

మొన్న ఇక్కడ ఖతర్‌లో, అల్ మన్సూరాలో చాయ్ తాగుతుంటే పక్క బల్ల మీది ఫోన్లోంచి సుధాకరన్న గొంతు వినిపించింది. గిటారు మీద మొదటి మోతకే ఏ పాటో తెలిసి, చాయ్ వదిలేసి లేచాను. ఆ పాట వినేవాళ్ళు ఇంకా ఉన్నారు. పాడిన మనిషే పాడటం మానేశాడు.

ఆయనది జగిత్యాల. మా కంపెనీ ఆఫీసులో ఏసీ గదిలో కూర్చుని బిల్డింగుల డ్రాయింగులు గీసేవాడు. బెజవాడ నుంచి కొత్తగా దిగి, ఎవరితోనూ కలవక ముడుచుకుపోయిన నన్ను శుక్రవారాలు అల్ వక్రాలోని తన ఫ్లాట్‌కి లాక్కెళ్ళి గిటారు నేర్పాడు. తప్పు వాయిస్తున్నానని నేను ఆగిపోతే, "తప్పైతే తప్పాయె, గట్టిగ కొట్టు తమ్మీ. భయపడి కొడితే ఒప్పు గూడ తప్పే" అనేవాడు. నలుగురిలో నాకు నోరు పెగిలింది ఆ మాటతోనే.

సెలవు రోజున వలస కూలీలంతా చేరే ఏషియన్ టౌన్‌లో ఓ శుక్రవారం ఆయన పాడిన రాక్ పాటను ఎవరో ఫోన్లో తీసి పెట్టారు. వారం తిరక్కుండా ఎక్కడ విన్నా అదే పాట. మన టీవీవాళ్ళు దిగారు. కెమెరా పట్టుకున్నతను కూలీలు సైట్‌లో వేసుకునే నీలం డ్రెస్సు, హెల్మెట్ తెచ్చి, "ఇవి వేసుకోండి సార్, ఫీల్ వస్తుంది" అన్నాడు. "ఒక్కపూట వేషమే కద తమ్మీ" అని నాతో నవ్వుతూ అని, అన్న తొడుక్కున్నాడు. మిట్టమధ్యాహ్నం ఇసుకలో నిలబెట్టి పాడించారు. 'దుబాయ్ కూలీ రాక్‌స్టార్' అని ఊదరగొట్టారు. ఇది ఖతర్ అని చెప్పినా వినిపించుకున్నవాడు లేడు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ తర్వాత ఎవరు పిలిచినా ఆ డ్రెస్సులోనే రమ్మన్నారు.

జగిత్యాలలో వాళ్ళమ్మ అది చూసింది. కొడుకు ఇన్నేళ్ళూ ఆఫీసు ఉద్యోగమని అబద్ధం చెప్పాడనుకుంది. అన్న నా ఎదుటే స్పీకర్ పెట్టి ఫోన్ చేశాడు.

"అమ్మా, గది టీవీ కోసం ఏసిన వేషమే. నేను ఏసీల కూసుంట."

"నా ముంగట దాస్తవేంది బిడ్డా? నువ్వు గా ఎండల కాలుతుంటే నాకు ఫ్యాను గాలెందుకు?"

నడివేసవిలో ఆవిడ ఫ్యాను వేసుకోవడం మానేసింది. అన్న సెలవు పెట్టి ఊరికి పరుగెత్తాడు. ఆఫీసు ఫొటోలు చూపిస్తే వాటివంక చూడనేలేదట. కొడుకు ఎడమచెయ్యి ఒళ్ళోకి తీసుకుని, గిటారు తీగలు నొక్కినొక్కి కాయలు కాసిన వేళ్ళు తడిమి, "ఇగో, ఇంకేం దాస్తవు బిడ్డా" అని గొల్లుమందట.

తిరిగొచ్చి గిటారు నా చేతిలో పెట్టేశాడు. "నా వేళ్ళు మెత్తబడాలె తమ్మీ. మళ్ళ పోయి అమ్మకు సూపియ్యాలె" అన్నాడు.

అవి మెత్తబడేలోగానే ఆవిడ పోయింది.

ఆ గిటారు నేను వాయిస్తూనే ఉన్నాను, మానడం నా వల్ల కాలేదు. ఇప్పుడు నా వేళ్ళకి కాయలున్నాయి. అన్న ఎదురుపడితే చెయ్యి జేబులో పెట్టుకుంటాను.