సున్నాల వరస

మా ప్లానింగ్ సారు పోయారని కిందటి నెల ఓ పొద్దున్నే ఆఫీసు గ్రూపులో మెసేజ్ వచ్చింది. రిటైరయ్యాక కూడా సీజన్ ప్లాన్ వేసే వారం పిలవకుండానే వచ్చి కూర్చునే మనిషి. ఈసారి ఆ వారం రాకముందే ఆయన వెళ్ళిపోయారు. వన్‌టౌన్‌లో వాళ్ళింటికి వెళ్ళి గుమ్మంలోనే ఏడ్చేశాను. ఏం, ఏడవకూడదా? నాకు పని నేర్పిన మనిషి మరి!

మాది చేనేత బట్టల కంపెనీ. ఆఫీసు విజయవాడలో, మగ్గాలు మంగళగిరిలో. ఏ మగ్గానికి ఎంత నూలు ఇవ్వాలో అంతా డేటాబేస్‌లో ఉంటుంది. దాన్ని క్యూబ్ అంటాం. ఊరు, మగ్గం, నెల, ఎటు నుంచి కావాలంటే అటు నుంచి చూడొచ్చు. అందులో ఓ సుఖం ఉంది. పైన మొత్తం గడిలో ఒక్క అంకె రాస్తే చాలు, కిందటేడాది వాటాల ప్రకారం అదే కింద మగ్గాలన్నింటికీ పంచేస్తుంది. సారుకి ఆ సుఖమంటేనే ఒళ్ళుమంట.

“పైన కూర్చుని విదిలిస్తే సరా తల్లీ? కింద ఎవరి చేతిలో పడిందో చూడక్కర్లేదూ?” అనేవారు.

అలాగని ముచ్చట తెలియని మనిషేం కాదు. షుగరని పంచదార లేని టీ తాగి, పక్కనే బందరు లడ్డు లాగించేవారు. ఇదేంటి సార్ అంటే, “టీలో తగ్గించింది లడ్డులో సర్దాను. టోటల్ మారలేదుగా!” అని నవ్వేవారు. ఆ నవ్వుకి మేం ఇంకో లడ్డు తెచ్చిపెట్టేవాళ్ళం, బుద్ధిలేక.

ఒక ఏడాది ప్లాన్ మీటింగు నాకు బాగా గుర్తు. పైన మొత్తం రాశాం, పంపకం అయింది, అంతా సరిపోయింది. మా డైరెక్టరు గారు వాచీ చూసుకుంటూ లేచి, “టాలీ అయింది కదండీ, సేవ్ కొట్టేయండి” అన్నారు.

సారు కదల్లేదు. స్క్రీను కిందికంటా జరిపి ఒక సున్నా దగ్గర ఆపారు. అది మంగళగిరిలో ఒకావిడ మగ్గం. భుజం ఆపరేషనై ఆవిడ కిందటేడాదంతా నేయలేదు. ఇప్పుడు కోలుకుంది. కానీ కిందటేడు సున్నా కాబట్టి వాటా సున్నా, పైన ఎంత రాసినా ఆవిడకి వచ్చేది సున్నాయే. నూలు రాకపోతే మగ్గం తీసేసి ఏ అపార్టుమెంట్లోనో పనికి కుదరాల్సిందే.

“ఈ పెట్టె లెక్కన ఒకసారి పడుకున్నవాళ్ళు మళ్ళీ లేవకూడదన్నమాట! బాగుందండీ న్యాయం!” అన్నారు సారు. మీటింగులోనే ఆవిడకి ఫోన్ చేశారు. “అమ్మా, నెలకి ఎన్ని చీరలు నేయగలవ్?”

“మూడు నేస్తానండి. భుజం బాగానే ఉందండి.”

మూడు చీరల నూలు ఆ గడిలో రాసి, అది కదలకుండా లాక్ చేసి, పైన మొత్తం మళ్ళీ రాశారు. ఆవిడ గడి అలాగే నిలబడింది. మిగతా అందరికీ తలా పిసరు తగ్గింది. ఎవరికీ తెలియను కూడా తెలియలేదు. డైరెక్టరు గారు కాసేపు చూసి, “మిగతా సున్నాలు కూడా చూడండి” అని మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు.

అప్పట్నుంచి మా ఆఫీసులో అదో ఆనవాయితీ. ముందు సున్నాలకి ఫోన్లు, తర్వాతే పంపకం. కొందరు “మానేశామండి” అంటారు. కొందరు “ఇవ్వండి, నేస్తాం” అంటారు. అడగందే ఎలా తెలుస్తుంది?

మొన్న సారు లేకుండా మొదటి ప్లాన్ వేశాం. మీటింగులోనే సున్నాలకి ఫోన్లు చేశాను. సున్నా కాకపోయినా ఆ భుజం ఆపరేషనైన ఆవిడకీ చేశాను, సారు సంగతి చెబుదామని. ఆవిడకి ముందే తెలిసింది.

“మా కోడలు కూడా నేర్చుకుందమ్మా. కొత్త మగ్గం వేశాం, ప్రస్తుతానికి నా నూల్లోంచే కాస్త తీసి నేస్తోంది. దానికి కిందటేడు లెక్క లేదు మరి... నూలొస్తుందంటారా?”

“ఎన్ని చీరలు రాయమంటావ్?” అన్నాను.

“రెండు రాయండి.”

రాసి లాక్ చేశాను. ఆవిడ ఫోను పక్కన పెట్టింది కానీ ఆపడం మర్చిపోయినట్టుంది. ఒక మగ్గం చప్పుడు గబగబా, ఇంకోటి తడబడుతూ ఆగి ఆగి వినిపిస్తున్నాయి. స్పీకరు పెట్టాను. డైరెక్టరు గారు కూడా సేవ్ కొట్టమనలేదు.