దోమల గదిలో ఊదు పొగ

ఆ ఎండాకాలం నేను గదిలోకి వెళ్ళినప్పుడల్లా ముందు చూసేది తెల్లగిన్నెను. వల పంజరంలో నీళ్ళు పోసి పెట్టిన గిన్నె అది. దోమలు దాంట్లో గుడ్లు పెట్టాలి. పెట్టలేదు. వంటింట్లోకి పోయి బియ్యం కడిగి, మళ్ళీ వచ్చి చూసేదాన్ని. కూర పొయ్యి మీద వేసి, మళ్ళీ వచ్చేదాన్ని.

మా చెల్లెలి కూతురు మలేరియా దోమల మీద పరిశోధన చేస్తోంది. మెదక్‌లో ఒక మేడ మీద రెండు గదులు కిరాయికి తీసుకుంది. ఒకదాంట్లో దోమలు, ఒకదాంట్లో మేమిద్దరం. ఆమె గైడును కలవడానికి హైదరాబాద్ వెళితే పంజరాలు చూసుకునేది నేనే. నానబెట్టిన కిస్మిస్ పెట్టడం, గుడ్డలు తడపడం నా పని. తల నెరిశాక అక్షరాలు నేర్చుకున్నాను కాబట్టి చీటీలు కూడా నేనే రాసి అంటించేదాన్ని: బస్తీ, ఊరు.

బస్తీ దోమలు చుట్టుపక్కల ఇళ్ళ సంపుల్లోనే దొరికేవి. ఊరివి కౌడిపల్లి దిక్కు పొలం బావుల్లో వెతికి తేవాలి. చూడటానికి రెండూ ఒక్కలాగే ఉంటాయి, తేడా గుడ్డులో తెలుస్తుంది. గుడ్డు చిన్న పడవలా ఉంటుంది. మునగకుండా రెండు పక్కలా గాలి సంచుల్లాంటివి, వాటి మీద చీర కుచ్చిళ్ళ మాదిరి మడతలు. బస్తీదానికి మడతలు ఎక్కువ, ఊరిదానికి తక్కువ.

బస్తీ ఆడదోమలను, ఊరి మగదోమలను ఒక పంజరంలో కలిపింది మా పిల్ల. ఊరివి పంజరంలో తొందరగా జత కట్టవు. ఎన్నోసార్లు చెడిపోయి, చివరికి ఒక్క కాన్పు నిలిచింది. ఆ గుడ్లను నాకు సూక్ష్మదర్శినిలో చూపించింది. అచ్చంగా బస్తీ గుడ్లే.

"నాయిన జాడే లేదేందే?" అన్నాను.

"గుడ్డు పెంకు అమ్మ కడుపుల తయారైతది పెద్దమ్మా. నాయినది లోపల ఉంటది. అది పెంకు మీద కనవడాలంటే ఈ గుడ్లకెల్లి పుట్టిన ఆడియి పెరిగి గుడ్లు పెట్టాలె."

అప్పటి నుంచి నాకు నిలకడ పోయింది. ఆ ఆడదోమలు పెరిగాయి. మా పిల్ల పంజరంలో చెయ్యి పెట్టి రక్తం తాగించింది. గదిలోనే పుట్టి పెరిగినవి కనుక వాటిలో జ్వరం లేదు. ఇక గుడ్లు పెట్టాలి, అంతే. ఈలోపు బావులు ఎండిపోయాయి. ఇవి పోతే వానలు పడేదాకా ఊరి దోమలు దొరకవు, అంతవరకు గైడు ఆగడు.

ఒక గురువారం ఆమె హైదరాబాద్ పోయింది. పొద్దుగూకే వేళ నేను కిస్మిస్ కొనడానికి బజారుకు వెళ్ళి వచ్చాను. మెట్ల దగ్గరే ఊదు వాసన తగిలింది. మా పిల్ల పిన్ని వరసగా ఖాలా అని పిలిచే కింది ఇంటామె ప్రతి గురువారం ఇల్లంతా ఊదు తిప్పుతుంది. మాకు ఎప్పుడూ మెట్ల దాకానే వచ్చేది. ఆ రోజు దోమల గది తలుపు తెరిచి ఉంది. లోపల తెల్లటి పొగ. ఆమె నిప్పుల గిన్నె పట్టుకొని పంజరం పక్కనే నిలబడి ఉంది.

"పిల్ల మొకం సూడలేకపోతున్న అక్కా. తింటలేదు, నవ్వుతలేదు. పనిల బర్కత్ రావాలని దువా చేసి, గీ గదిల జర ఎక్కువేసిన."

"దోమలున్నయి గద చెల్లె గీ గదిల."

"పొగకు దోమలు పారిపోతయని నాకెర్కలేదా? మీయి పంజరంల ఉన్నయి గద, ఎటు పోతయి?"

నేను గబగబా కిటికీలు తెరిచాను. దోమలు పంజరం అడుగున వెల్లకిలా పడి ఉన్నాయి. కొన్ని కాళ్ళు ఆడిస్తున్నాయి. తడిగుడ్డ కప్పి ఫోన్ చేశాను. మా పిల్ల అప్పుడు తిరిగి వస్తూ నర్సాపూర్ దాటిన బస్సులో ఉంది.

"అన్ని పోయినయా పెద్దమ్మా?"

"లేదు. కొన్ని కదులుతున్నయి."

ఊదు ఎవరు వేసిందీ చెప్పాను.

"ఖాలాను ఏం అనకు," అంది.

ఇంటామెకు అప్పటికి సంగతి అర్థమైంది. గడప మీద కూర్చుండిపోయింది. "మా మోరీల మస్తు దోమలున్నయి అక్కా. రేపు పట్టుకొస్త."

"అవి వేరే, చెల్లె."

"దోమలల్ల గూడ గింత జాతి పట్టింపా," అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నాకు నవ్వు వచ్చింది. నవ్వుతూనే గుడ్డ ఎత్తి మళ్ళీ చూశాను.

తెల్లవారేసరికి నాలుగైదు దోమలు వల పట్టుకొని నిలబడి ఉన్నాయి. గిన్నె నీళ్ళ మీద నల్లటి నలుసులు. మా పిల్ల, నేను ఒకరినొకరం చూసుకున్నాం. రాత్రి పొగ నుంచి మసి కూడా ఆ నీళ్ళలోనే రాలి ఉంటుంది. కంటితో చూస్తే మసికి, గుడ్డుకు తేడా తెలియదు.

ఆమె సన్నని కుంచెతో ఒక నలుసును ఎత్తి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. మసి. ఇంకొకటి ఎత్తింది. అదీ మసే. నేను వంటింటి దాకా పోయి ఏమీ చేయకుండానే తిరిగి వచ్చాను. ఇంటామె మెట్ల మీద నిలబడి ఉంది, గదిలోకి రాలేదు.

మూడోది పెట్టాక మా పిల్ల తల ఎత్తలేదు. వేలితో బల్ల మీద మెల్లగా కొడుతూ లెక్కపెడుతోంది. ఒకసారి అయ్యాక మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది.

"రా, సూడు," అంది.

చూశాను. పడవ. రెండు పక్కలా మడతలు. బస్తీ గుడ్డు మీద మడతలు కిక్కిరిసి ఉండేవి. వీటి మధ్య ఎడం ఉంది. ఊరి గుడ్డుకున్నంత ఎడం మాత్రం లేదు.

"ఎవరి పోలికొచ్చింది బిడ్డా?" ఇంటామె మెట్ల మీది నుంచి అడిగింది.

"ఇద్దరిదీ ఉన్నట్టుంది ఖాలా. ఒక్క గుడ్డుతోని చెప్పరాదు, ఇంకోటి సూడనీ." మా పిల్ల కుంచెను మళ్ళీ నీళ్ళలో ముంచింది.

నేను గిన్నె దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడ్డాను, నా ఊపిరికి నలుసులు కదలకుండా.