మంచినీళ్లు తాగే దాకా

పోర్ట్ బ్లెయిర్ నుంచి అగత్తికి ఆకాశమార్గాన దాదాపు రెండు వేల రెండు వందల నలభై కిలోమీటర్లు. రెండూ దీవులే. ఒకటి తూర్పు సముద్రంలో, ఇంకొకటి పడమటి సముద్రంలో. తార్నాక ఫుట్‌పాత్ మీద కొన్న పాత త్రికోణమితి పుస్తకం ముందేసుకుని, గుండ్రటి భూమి మీద దూరాలు కట్టడం నాకు నేనే నేర్చుకున్నాను. ఈ లెక్క మాత్రం సరదాకి వేసింది కాదు.

మా చెల్లెలు పోర్ట్ బ్లెయిర్‌లో ఉంటుంది. దాని కూతురు అగత్తిలో నర్సు. పోయినేడు అక్కడే పనిచేసే మలయాళీ టీచరును ఇష్టపడి చేసుకుంది. "ఆ ఇంట్ల మంచినీళ్లు గూడ ముట్ట" అని పిల్ల నాన్న, అంటే మా మరిది, ఒట్టేసుకున్నాడు. చెల్లెలికేమో పిల్ల కాపురం కళ్లారా చూడాలని ఉంది.

ఒక పొద్దున యూనివర్సిటీలో నడక ముగించి ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చున్నాను. చెల్లెలి ఫోన్.

"అక్కా, ఫోన్ల మూడు గంటలే చూపిస్తున్నది. ఈయనేమో దారే లేదంటున్నడు."

వెనక నుంచి మరిది అందుకున్నాడు. "వదినా, లెక్కల మనిషివి, నువ్వే చెప్పు. డైరెక్టు విమానం ఉన్నదా?"

"లేదు."

"విన్నవానే? ఖతం. ఇగ కూసో."

అతను చెప్పింది నిజమే. ఆ మూడు గంటలు దూరాన్ని వేగంతో భాగిస్తే వచ్చిన అంకె, అంతే. కానీ తన కోపాన్ని తీసుకెళ్లి విమానాల వెనక దాచడం నాకు నచ్చలేదు.

"లాలాగూడ నుంచి మా అమ్మమ్మ ఊరికి ఎన్నడన్న డైరెక్టు రైలున్నదా? పోవుడు బంద్ చేసినమా?" అన్నాను.

మాది రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన ఇల్లు. ప్రయాణం ఎంతసేపంటే మా నాన్న రైలు నడిచిన సమయం చెప్పేవాడు కాదు. ఇంటికి తాళం వేసిన దగ్గర నుంచి అవతలి ఇంట్లో మంచినీళ్లు తాగే దాకా, అదీ ఆయన లెక్క. కాలేజీ మెట్ల మీదే కూర్చుని ఆ లెక్కే కట్టాను. చెన్నై, అక్కడి నుంచి కొచ్చి, రాత్రికి అక్కడ బస, పొద్దున చిన్న విమానం. దీవిలోకి పోవడానికి కావలసిన పర్మిట్ పిల్ల చూసుకుంటుంది.

"రెండు రోజులు" అన్నాను.

"రెండు రోజులా! మూడు విమానాలు మారుకుంట ఒక్కతే పోతదా? తప్పిపోతది."

"తప్పిపోతే అడుగుతది. నోరున్నది కదా."

"నాకైతే ఉన్నదో లేదో ఆయన్నే అడుగు" అని చెల్లెలు నవ్వింది. "టికెట్లు చెయ్యి అక్కా."

"నేను రాను" అన్నాడు మరిది.

"నిన్నెవరు రమ్మన్నరు? నీ ఒట్టు నువ్వే కాపాడుకో" అన్నాను.

చెల్లెలు బయల్దేరిన మర్నాడు, నేను వంట చేస్తుండగా ఫోన్ మోగింది. పలకరింపు లేదు. గుటకల చప్పుడు వినిపించింది.

"తాగిన అక్కా. జర ఉప్పగున్నయి."

స్టవ్ ఆర్పి మరిదికి ఫోన్ కలిపాను.

"దారి ఉన్నది" అన్నాను. "నీ టికెట్ ఎన్నడు చెయ్యాల్నో చెప్పు."