మూడు విజిళ్ళ పాట

మొన్న అమ్మ మా గురుగ్రామ్ ఫ్లాట్‌కి వస్తూ గుప్పెడు వట్టివేళ్ళు తెచ్చి మంచినీళ్ళ కుండలో వేసింది. ఆ తడివాసన తగిలేసరికి, సీడీల డబ్బా ముందేసుకుని తేల్చుకోలేక కూర్చున్న నాకు ఫరీదాబాద్‌లో మా పాత కూలర్ గుర్తొచ్చింది. హాల్లోని అల్మారాలో పాటల కోసం ఒకే ఒక అర మిగిలింది. మా ఆయన రికార్డ్ ప్లేయర్ కొందామంటాడు, మా అమ్మాయేమో అన్నీ ఫోన్‌లోనే ఉన్నాయి కదా అంటుంది. నా దగ్గరున్నవి పదకొండు సీడీలు, అవి ఇంకా ఆడతాయో లేదో తెలియదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నాకు తొమ్మిదేళ్ళు. వట్టివేళ్ళ తడకల కూలర్ రోజంతా గుర్రుమంటూ చల్లటి మట్టివాసన విసిరే ఆ రెండు గదుల ఇంట్లో, పెళ్ళికి తాతయ్య ఇచ్చిన పన్నెండు రికార్డులే అమ్మకి సర్వస్వం. ట్రాక్టర్ విడిభాగాల ఫ్యాక్టరీలో పనిచేసే నాన్న కంప్యూటర్ కొన్న నాటినుంచి వాటిని సీడీల్లోకి ఎక్కిద్దామని పోరుతుండేవారు. “ఆ అప్పడాలు ఎన్నాళ్ళుంటాయండీ? నా రికార్డుల జోలికి రాకండి,” అనేది అమ్మ. సరేనని ఊరుకున్న నాన్న ప్రతి ఆదివారం పొద్దున, అమ్మ పప్పు పొయ్యిమీద పెట్టగానే ఒక రికార్డు వేసేవారు. అది ఆడినంతసేపూ నన్ను మాత్రం నోరెత్తనిచ్చేవారు కాదు.

ఆ మే నెలలో కూలర్ చెమ్మకి రికార్డుల అట్టలు బూజు వాసన కొట్టసాగాయి. అమ్మ డాబా మీద పాత చీర పరిచి గుమ్మడి వడియాలు పెట్టి కిందికి వచ్చింది. మా ఇంట్లో చెమ్మపట్టిన దేనికైనా, పప్పుకైనా పరుపుకైనా, మందు ఎండే. నేను పన్నెండు రికార్డులూ తడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, వడియాల పక్కనే వరసగా ఆరబెట్టి, మెచ్చుకుంటారని మురిసిపోతూ దిగాను. మధ్యాహ్నం వెళ్ళి చూస్తే అన్నీ నూనెలో వేసిన అప్పడాల్లా వంకర్లు తిరిగిపోయాయి.

అమ్మ తిట్టలేదు, కొట్టలేదు. ఒక రికార్డు ఒళ్ళో పెట్టుకుని, దాన్ని అరచేత్తో నొక్కుతూ కూర్చుంది. నాలుగు తగిలించినా బాగుండునని నాకు ఏడుపొచ్చింది.

నాలుగింటికి డ్యూటీ దిగి వచ్చిన నాన్న సంగతంతా విని, బీరువా పైనున్న బూట్ల డబ్బా దింపి, అందులోంచి ఒక సీడీ తీసి కంప్యూటర్‌లో పెట్టారు. అమ్మ రికార్డులోని పాటే మొదలైంది. సరైన వైరు దొరక్క స్పీకరు ముందు మైకు పెట్టి ఎక్కించారేమో, బయట కూరగాయలవాడి “ఆలూ లే లో”, పాటకంటే అర అడుగు ముందు నడిచే అమ్మ కూనిరాగం, కుక్కర్ ఒకటి, రెండు, మూడు విజిళ్ళు, వెంటనే “అమ్మో, నా పప్పు” అన్న అమ్మ గొంతు, అన్నీ అందులో పడ్డాయి.

“దొంగతనంగా ఎక్కించారన్నమాట,” అంది అమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

“పదకొండే అయ్యాయోయ్. పన్నెండోది వచ్చే ఆదివారానికి ఉంచాను,” అన్నారు నాన్న.

అమ్మ నవ్వింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

ఇప్పుడా డాబా ఇల్లు లేదు, కూలర్ లేదు, సీడీలు అమ్మే కొట్టు మొబైల్ కవర్ల కొట్టయింది. పన్నెండో రికార్డు పాటలు ఫోన్‌లో దొరికితే అమ్మకి వినిపించాను. “బానే ఉంది,” అంది, అంతే. విజిళ్ళ పాట కూడా ఫోన్‌లో ఉంది, కడిగిన గ్లాసులా శుభ్రంగా. కానీ మూడో విజిల్ రావాల్సిన చోట నాకు ఏదో వెలితి.

లాప్‌టాప్‌కి సీడీ పెట్టే చోటు లేదని, విడిగా ఒక డ్రైవ్ కొనుక్కొచ్చి, భయపడుతూనే మొదటి సీడీ పెట్టాను. కాసేపు గిరగిరా తిరిగి మూలిగింది, తర్వాత పాట వచ్చింది. “యే తో నానీ హైఁ,” అంది మా అమ్మాయి, కూనిరాగంలో అమ్మమ్మ గొంతు పోల్చుకుని ఆశ్చర్యంగా. ఇంకేం, ఆ అర సీడీలదే.

పాట సాగుతోంది. ఒక విజిల్, రెండు, మూడు. సోఫాలో కళ్ళు మూసుకుని వింటున్న అమ్మ, గ్యాస్ కట్టేయడానికి లేచింది.