ఇటుకల పండుగనాటి విచారణ

విఘ్నములను వారించు వేల్పునకు తలవంచి, నోట పలుకు నొసగిన తల్లికి మ్రొక్కి, జరిగినది జరిగినట్లు వ్రాయ పూనుకొనుచున్నాను. స్వస్తి శ్రీ ప్రభవ నామ సంవత్సర చైత్ర శుద్ధ పంచమి, రోహిణీ నక్షత్రము. ఆంగ్లమానమున 1927వ సంవత్సరము. స్థలము అరకు లోయలో సిరగుడ యను కొండపల్లె, దాని ప్రక్కన పారు గెడ్డ యొడ్డు. ఆ తిథిని నిర్ణయించినవాడను నేనే. ఈ సంగతి మొదటనే చెప్పుట మేలు. తుదకు వచ్చుసరికి చెప్పుటకు నాకు ఓపిక చాలదేమో.

ఏజెన్సీ కచేరీలో నేను క్యాంపు క్లార్కును. అధికారి కొండలలో ఎచ్చట డేరా వేసిన నచ్చటికి రికార్డుల పెట్టెతో పోయి, అర్జీలు చదివి వినిపించుట, వాఙ్మూలములు వ్రాయుట, కొండవారి మాటను కచేరీ మాటగా మార్చుట నా పని. పదునెనిమిదేండ్లు ఆ పెట్టె వెనుక నడచితిని. చిన్ననాడు విజయనగరమున కావ్యములు, వ్యాకరణము, కొంత జ్యోతిషము చదివినవాడను. కొండలపై వ్యాకరణముతో ఎవరికిని పని పడలేదు గాని, జ్యోతిషముతో పడినది. విచారణకు తేదీ పెట్టవలసి వచ్చినప్పుడెల్ల అధికారులు, "పంతులుగారు మంచిరోజు చూస్తారులే" అని నాకు వదలెడివారు. అది నాకు గౌరవముగానే తోచెడిది.

ఆ యేడు తీరప్రాంతపు కంపెనీ యొకటి సిరగుడ గెడ్డ యొడ్డున "క్యాంపింగ్ గ్రౌండ్" పెట్టుటకు దరఖాస్తు చేసినది. వేసవిలో దొరలును, మైదానపు శ్రీమంతులును మోటారులలో ఘాట్ రోడ్డెక్కి వచ్చి, నీటి చెంత మకాముండు స్థలమని దాని భావము. డేరాలే కాక "కారవాన్" లును వచ్చునట. కారవాన్ అనగా మోటారు వెనుక తగిలించి లాగుకొనివచ్చు చక్రముల ఇల్లు. అందే మంచము, అందే పొయ్యి. ప్లానులో గెడ్డ వెంబడి నేల యంతయు ఎర్రగీతతో చుట్టబడి యుండెను.

ఆ నేల చైత్రమున చూచువారికి బీడువలె కనబడును. కాని జ్యేష్ఠమున ఊరివారందరు చోడికి, అనగా రాగికి, ఆకుమడి పోయునది అచ్చటనే. వానలు కుదురుకొనువరకు చోడి నారు గెడ్డ తడితో బ్రదుకవలెను; ఎగువ మెట్టలపై ఆ తడి లేదు. నారు లేనిచో చోడి లేదు, చోడి లేనిచో అంబలి లేదు. ఆ నేలకు ఎవరి పేరను పట్టా లేనందున, వారికి మిగిలిన దారి యొక్కటే. నోటీసులోని తేదీనాడు సాగుదార్లు స్వయముగా వచ్చి, "అబ్జెక్షన్", అనగా ఆక్షేపణ, చెప్పుకొని వ్రేలిముద్ర వేయవలెను. ఆ దినము దాటిన పిమ్మట ఎంత మొర పెట్టినను చెల్లదు.

నోటీసును వారపు సంతలో తప్పెట కొట్టించి చాటించితిని. చాటింపు ముగియకముందే వాదము మొదలైనది. ఉప్పు, కిరసనాయిలు అమ్ముకొనుటకు మైదానము నుండి వచ్చి స్థిరపడిన అప్పలస్వామి యొకవైపు. సిరగుడ నాయుని, అనగా ఊరిపెద్ద, భార్య బుద్రి యొకవైపు.

"మోటార్లొస్తే నీ కోళ్ళూ, గుడ్లూ, పనసకాయలూ ఊర్లోనే అమ్ముడుపోతాయే బుద్రమ్మా! సంతకి మొయ్యక్కర్లేదు. దొరసాన్లు బేరమాడరు," అనెను షావుకారు.

"కోడికేటి మేతెయ్యమంటావు? సోడి లేకపోతే నీ ఉప్పు మేపుతావేటి?"

"ఏడాదంతా సోడేనేటే? బియ్యం తినడం నేర్చుకో. నా కొట్లో బస్తాలున్నాయి."

"అద్గదీ! నీ కొట్టుకోసరమా ఈ తప్పెట! నానింకా దొరకోసరమనుకున్నాను."

సంత యంతయు నవ్వినది. షావుకారును నవ్వినాడు. నవ్వులు సద్దుమణిగిన తరువాత, తప్పెట కొట్టిన ముసలి గాసి నా దగ్గరకు వచ్చి మెల్లగా, "బాబూ, పంచిమి దినం మా ఇటుకలు గదా. మొగోళ్ళందరూ ఏటకి పోతారు. మరో దినం సెప్పండి," అన్నాడు.

"వేటకేముందిరా, మర్నాడు వెళ్ళొచ్చు. రోహిణి మళ్ళీ నెల దాకా రాదు," అంటిని.

గాసి చంకలోని తప్పెటను సవరించుకొని, అదే తేదీని మరల చాటినాడు.

ఇటుకల పండుగ యనునది నాకప్పుడు పేరునకు మాత్రమే తెలియును. చైత్రమున ఊరివారు విత్తనములను వేల్పు ముందుంచి, పంచుకొని, మగవారందరు విల్లంబులతో అడవి కెక్కుదురు. మృగము పడనిదే మరలి రారాదు. వట్టిచేతులతో వచ్చినవానిపై ఆడువారు పేడనీళ్ళు చల్లి ఊరిబయటనే నిలిపెదరు. నవ్వులాటవలె కనబడును గాని, ఒక్కడైనను అట్లు మరలివచ్చెనా, ఆ యేడు పంచుకొన్న విత్తనము నేలలో వేయరు. ఆ దినములలో దారిని పోవు ఎవరినైనను వెదురు అడ్డుపెట్టి ఆపుట కూడ ఆడువారి హక్కు.

పంచమినాటి ఉదయము డివిజను అధికారి డేరాలో కూర్చుండెను. మైదానపువాడు, కొండలకు క్రొత్త, మంచివాడు. కంపెనీ ఏజెంటు మోటారు ఊరి మొగను వెదురు అడ్డమునకు నిలిచిపోయినది. చుట్టును ఆడువారు.

"ఏట తెచ్చినావా బావా?"

"వేటేమిటి! నేను కంపెనీ ఏజెంటుని. తప్పుకోండి!"

"ఏజంటంటే ఏ మెకమే? కొమ్ములుంటాయేటి దానికి?"

"కొమ్ముల్లేవే, తెల్ల లాగుంది!"

మరునిమిషమున ఆ తెల్ల లాగుపై పేడనీళ్ళు పడినవి. అతడు డేరాలోనికి వచ్చి మొరపెట్టుకొనుచుండగా అధికారి నవ్వు నాపుకొనుట చూచితిని. కాని విచారణ మొదలుపెట్టు వేళకు ఆ ముఖమున నవ్వు లేదు. ఎదుట నిలిచినవారందరు స్త్రీలే. బుద్రి అందరికన్న ముందుండెను.

"మీ మగవాళ్ళేరీ?" అని అధికారి యడిగెను.

"ఏటకెళ్ళారు బాబూ."

"ఎప్పుడొస్తారు?"

"మెకం పడితే వత్తారు."

"కబురు పంపి పిలిపించు. సాయంత్రం దాకా ఆగుతాను."

బుద్రి అధికారి వైపు గాక నా వైపు తిరిగి యిట్లనెను: "కొమ్ము ఊదితే కొండ మీదికి ఇనబడతాది. నాను ఊదితే వత్తారు. వత్తే మా సేతుల్తోనే పేడనీళ్ళు సల్లాల. అప్పుడు మడి మాదే, అందల ఎయ్యడానికి ఇత్తనముండదు. ఊదకపోతే ఇత్తనముంటాది, మడుండదు. సదువుకున్నోడివి గదా, ఏది సెయ్యాలో నువ్వే సెప్పు బాబూ."

ఆ మాటలను కచేరీ మాటలలోనికి మార్చి అధికారికి విన్నవించితిని. అన్వయము చక్కగా కుదిరినది.

"ఈ ఆడవాళ్ళ ఆక్షేపణే రాసుకోవచ్చునా?" అనెను అధికారి.

"సాగుదార్ల జాబితాలో వీళ్ళ పేర్లు లేవండి," అంటిని. ఆ జాబితా వ్రాసినది నేను కాదు గాని, ఎన్నో ఊళ్ళ జాబితాలు అట్లే వ్రాసితిని.

అధికారి నన్ను డేరా వెనుకకు పిలిచెను. "వాయిదా వేద్దాం పంతులుగారూ, నాకేం అభ్యంతరం లేదు. కాని పైవాళ్ళకు కారణం రాయాలి. తేదీ మీరు పెట్టారు. పండగ సంగతి విచారించక పెట్టానని ఒక్క ముక్క రాసి సంతకం చెయ్యండి, చాలు."

ఒక్క ముక్కయే. పార్వతీపురములో హెడ్ క్లార్కు పని నాకు వచ్చునని ఆ నెలలోనే మాట నడచుచుండెను. విచారించక పెట్టితినని వ్రాసిన అబద్ధమగును. తప్పెటవాడు చెప్పినను వినక పెట్టితినని వ్రాయవలెను. గాసి డేరా త్రాడు పట్టుకొని అచ్చటనే నిలిచియుండెను. మా మాటలు విన్నాడో లేదో నేనెన్నడును అడుగలేదు.

సాయంత్రము వరకు కొమ్ము మ్రోగలేదు. పొద్దు క్రుంకుచుండగా రికార్డులో ఇట్లు వ్రాసితిని: "నోటీసు తేదీనాడు సాగుదార్లెవ్వరును ఆక్షేపణ దాఖలు చేయలేదు." ప్రతి యక్షరమును నిజమే. అధికారి చదివి, నా ముఖము చూడక, సంతకము చేసెను.

పెట్టె మూయుచుండగా బుద్రి దగ్గరకు వచ్చి, పైనున్న పంచాంగమును చూపి, "ఆ పుస్తకంల అన్ని దినాలూ ఉంటాయంటారు. మా ఇటుకలు లేవేటి?" అనెను.

"లేవమ్మా."

"మరి మా పనికి దాన్నెందుకు సూసినావు?"

కోపముగా అనలేదు. తెలిసికొనుటకే యడిగినట్లుండెను. నేను పెట్టెకు తాళము వేసితిని.

మూడవనాడు మగవారు అడవిపందిని మోసికొని, డప్పులతో దిగివచ్చిరి. మేము డేరా ఎత్తుచుంటిమి. బుద్రి ఏమి చెప్పెనో, నాయుడు నా దగ్గరకు వచ్చి, నిందింపక, అడ్డాకులో చుట్టిన గుప్పెడు చోళ్ళు నా చేత పెట్టెను. "పంపకం దినాన ఊర్ల ఉన్నోళ్ళందరికీ వాటా ఉంటాది. మాంసం నువ్వు తినవు గదా బాబూ. ఇయ్యి ఇత్తనాలు." నేను పుచ్చుకొంటిని. ఆ పొట్లము చాలకాలము రికార్డుల పెట్టె యడుగున నుండెను. ఎచ్చట చల్లవలెనో నాకు తెలియలేదు.

ఈ వృత్తిలోనికి క్రొత్తగా వచ్చువారు నన్ను పని మెలకువ లడిగినప్పుడు ఈ కేసునే చెప్పుదును. ఆ తరువాత నేను తేదీ పెట్టుటకు ముందు తప్పెటవానిని పిలిచి, ఆ దినమున ఇండ్లలో ఎవరుందురని యడుగుట అలవాటు చేసికొంటిని. పంచాంగము తరువాతనే విప్పితిని. దానివలన మేలు పొందిన ఊళ్ళు కొన్ని యున్నవి. సిరగుడ వానిలో లేదు.

ప్రభవ సంవత్సర వైశాఖ బహుళ తదియనాడు కంపెనీవారు గెడ్డ యొడ్డున కంచె వేసిరి. ఆ జ్యేష్ఠమున సిరగుడలో చోడి ఆకుమడి పోయలేదు. ఆషాఢ శుద్ధ విదియనాడు నేను పార్వతీపురములో హెడ్ క్లార్కుగా పని స్వీకరించితిని.