ట్యాంకరు ఓడిన రోజు

ఆ సిటీ బస్సు డ్రైవరుని డిపోలో సొంత పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఆయన ట్యాంకరు. తోటి డ్రైవర్లు ట్రిప్పు ట్రిప్పుకీ బండి దిగి బాత్రూమువైపు పరుగులు తీస్తుంటే, ఈయన పొద్దున కూర్చున్న సీటులోంచి డ్యూటీ దిగేదాకా కదిలేవాడు కాదు. అదో ఘనకార్యంలా చెప్పుకునేవాడు. చెప్పుకుని ఊరుకున్నా బాగుండేది, ఇంట్లో పిల్లలకీ నేర్పాడు. ఎవరు ఎక్కువసేపు ఆపుకుంటే వాళ్ళు గెలిచినట్టు. ఆటకి ‘లాస్ట్ స్టాపు’ అని పేరు కూడా పెట్టాడు.

పోయినేడు ఆరేళ్ళ పెద్దాడికి చలిజ్వరాలు పట్టుకున్నాయి. పరీక్షలన్నీ అయ్యాక పిల్లల డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. మూత్రసంచిలోంచి బయటికి పోవాల్సింది గొట్టంలో వెనక్కి ఎక్కి కిడ్నీని చేరుతోందట. ఒక కిడ్నీ మీద అప్పటికే మచ్చ పడింది. ఈ లోపం పుట్టుకతో వచ్చేదట, కుటుంబాల్లో ఉంటుందట.

"మీ ఇద్దరిలో ఎవరికైనా చిన్నప్పుడు ఇలాంటి ఇబ్బంది ఉండేదా?"

"మావైపు ఎవరికీ లేదండీ" అంది భార్య.

ట్యాంకరు గోడమీది క్యాలెండరు వంక చూస్తూ "మావైపూ లేదు" అన్నాడు.

"అయినా సరే, చిన్నపాపకీ స్కాను తీయించండి. జ్వరం వచ్చేదాకా ఆగొద్దు."

ఆగారు. ఎనిమిది నెలలు. "దానికేం, గుండ్రాయిలా ఉంది" అంటూ ట్యాంకరు వాయిదాలేస్తూ వచ్చాడు. పోయినవారం నాలుగేళ్ళ ఆ గుండ్రాయికి ఒక పూట ఒళ్ళు వెచ్చబడింది. ఉత్త జలుబే. అయినా తల్లి ఆయన్ని అడక్కుండానే స్కానుకి రోజు ఖాయం చేసుకొచ్చింది.

స్కాను గదిలో పిల్ల చెక్కబొమ్మలా పడుకుంది. స్కాను తీసే అమ్మాయి కుడివైపు ఏదో కొలిచింది. మళ్ళీ కొలిచింది. ఆ రెండోసారి కొలవడం మొగుడూ పెళ్ళాం ఇద్దరూ చూశారు.

"ఏమైనా ఉందామ్మా?"

"డాక్టరుగారు చెబుతారండీ. పాప ఒకసారి పాస్ పోసుకుని వస్తే, సంచి ఖాళీ అయ్యాక కూడా చూడాలి. అప్పుడే తేలేది."

పిల్ల పోయదే! తల్లి నాలుగుసార్లు బాత్రూముకి తీసుకెళ్ళింది. కుళాయి తిప్పింది, బతిమాలింది, కసిరింది. పిల్ల మోకాళ్ళు బిగించి, మొహం కందగడ్డలా చేసుకుని "రావట్లేదు" అన్న మాటే అంటోంది.

"ఇంకో అరగంటేనండీ నేనుండేది" అంది స్కాను అమ్మాయి తలుపులోంచి. "తర్వాతంటే మళ్ళీ మూడు వారాలకి."

ఇప్పటికే ఎనిమిది నెలలు! ట్యాంకరు చెమట తుడుచుకుని కూతురి ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఏంట్రా తల్లీ?"

పిల్ల ఆయన చెవిలో గుసగుసగా అడిగింది. "నాన్నా, నేను గెలుస్తున్నానా?"

గుసగుసే అయినా భార్య వినేసింది. "బాగా నేర్పారు! ఇప్పుడు ఆ విద్య దింపండి మరి."

"లాస్ట్ స్టాపు వచ్చేసిందమ్మా, దిగిపోవచ్చు!" అన్నాడు.

"నువ్వు ముందు దిగు."

సరే అని పక్క బాత్రూములోకి వెళ్ళాడు. తలుపు బయట కూతురు కాపలా. వరండాలో బెంచీల మీద జనం ఆసక్తిగా చూస్తున్నారు. ట్యాంకరుకి చుక్క రాలేదు! ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఎన్నడూ లేనిది, భయానికి బిగుసుకుపోయింది.

"చప్పుడు రావట్లేదు!" అని పిల్ల వరండా అంతా వినబడేలా ప్రకటించింది.

తలుపు తీసుకుని బయటికొచ్చాడు. నిజం తప్ప చేతిలో ఇంకేమీ మిగల్లేదు.

"నేను ఓడిపోయాను తల్లీ. ఎప్పుడో ఓడిపోయాను. తొమ్మిదేళ్ళొచ్చేదాకా రోజూ పక్క తడిపేవాణ్ణి. పరుపు ఎండలో వేస్తే వీధి పిల్లలు నవ్వేవాళ్ళు. అన్నయ్యకొచ్చినట్టే నాకూ చలిజ్వరాలొచ్చేవి."

"పక్కమీదా?" పిల్ల కళ్ళు ఇంతలేసి చేసుకుని పకపకా నవ్వింది. ఆ నవ్వుతోనే పట్టు సడలి, "అమ్మా, వస్తోంది!" అంటూ లోపలికి పరిగెత్తింది.

భార్య నవ్వలేదు. కూతురి వెనకే వెళ్తూ ఆగింది. "చలిజ్వరాలు కూడానా? డాక్టరమ్మ అడిగిన రోజు మీ నోరేమైంది?"

రెండో స్కాను అయింది. డాక్టరమ్మ రిపోర్టు చదివినంతసేపూ పిల్ల ఒక్కతే కాళ్ళూపుకుంటూ హాయిగా ఉంది.

"కిడ్నీలు రెండూ బాగానే ఎదుగుతున్నాయి. మచ్చలైతే ఇందులో కనబడలేదు. కుడివైపు గొట్టం మాత్రం కొంచెం ఉబ్బింది. ఇంకో పరీక్ష చేస్తేగానీ వెనక్కి పోతోందో లేదో చెప్పలేను. ఇన్ఫెక్షన్ రాకముందే వచ్చారు, మంచి పని చేశారు."

"మంచి పని ఈవిడ చేసింది" అన్నాడు ట్యాంకరు. తన సంగతంతా చెప్పాడు. "నా ఆట వల్లేనా డాక్టరుగారూ?"

"ఆట వల్ల రాదు. కానీ ఆపుకుంటే ఇన్ఫెక్షన్లకి దారిచ్చినట్టే. మానిపించండి, మీరూ మానండి. మీ బీపీ, మూత్రం కూడా చూద్దాం. మీకు తోబుట్టువులున్నారా?"

"ఒక చెల్లెలండీ. ఇద్దరు చిన్నపిల్లలు దానికి."

వరండాలోకి వచ్చి ఫోను తీశాడు. భార్య పక్కనే నిలబడింది, కదల్లేదు.

"చెల్లీ, నవ్వకుండా విను. నా చిన్నప్పటి పరుపు సంగతి..."

అవతల చెల్లెలు పడీపడీ నవ్వింది. ఆయన ఓపిగ్గా ఆ నవ్వు ఆగేదాకా నిలబడ్డాడు.

"అయిందా? ఇప్పుడు చెప్పు, నీ పిల్లలకి జ్వరాలేమైనా వస్తున్నాయా?"