చెవి అంచు రంగు

మొన్న తిరుమలగిరి ఆసుపత్రిలో నాకు మనవరాలు పుట్టింది. ఇంటికి పెద్దవాణ్ణి కాబట్టి మా ఆచారం ప్రకారం దాని కుడి చెవిలో అజాన్, అంటే నమాజు పిలుపు, చెప్పమని నన్నే పిలిచారు; చెప్పి తల ఎత్తానో లేదో, మా ఆడవాళ్లు అదే చెవిని మెల్లగా మడిచి అంచు ఏ రంగులో ఉందో చూశారు. పుట్టినప్పుడు అందరూ ఎర్రగానే ఉంటారు, పెద్దయ్యాక తేలే అసలు రంగు మాత్రం చెవి అంచులో ముందే కనబడుతుందని మావాళ్ల నమ్మకం. ఎవరూ ఏమీ అనలేదు, దుప్పటి సర్దేశారు. నాకు మా అక్క గుర్తొచ్చింది.

మేము సిద్దీలం. మా ముత్తాతలు ఆఫ్రికా నుంచి నిజాం ఫౌజులోకి వచ్చి ఇక్కడివాళ్లైపోయారు; భాష కలిసింది, తిండి కలిసింది, రంగూ జుట్టూ మాత్రం మొండికేశాయి. ఐదో తరగతిలోనే బడికి సలాం కొట్టిన నేను, ఇంకెవరో అనకముందే నేనే అనేస్తే పోతుందని, కరెంటు పోతే మా ఇంట్లో పళ్లు చూసి మనుషుల్ని లెక్కపెట్టుకుంటామని చెప్పి బన్సీలాల్‌పేట్ గల్లీనంతా నవ్వించేవాణ్ణి. నవ్వనిది మా అక్క ఒక్కతే. మసీదులో అజాన్ ఇచ్చే మా నాన్న, మా అబ్బా మాత్రం, లోకంలో మొట్టమొదట అజాన్ ఇచ్చింది మనలాంటి నల్లని మనిషేనని ప్రతి శుక్రవారం జుమ్మాకీ గర్వంగా చెప్పుకునేవారు.

అక్కను మా ఖాలా కొడుక్కి చిన్నప్పుడే అనుకున్నారు. ఖాలా అంటే అమ్మకు సొంత చెల్లెలు; అదే రంగు, అదే జుట్టు. పెళ్లి మాట ఎత్తగానే ఆవిడ చాయ్ కప్పు కింద పెట్టి, కోపమేమీ లేకుండానే అంది: "అక్కా, నీ బిడ్డ బంగారం. కానీ ఈ జుట్టు నాతోనే ఆగాలె. నేను తెల్లపిల్లను తెచ్చుకుంట." అమ్మ పోట్లాడుతుందనుకున్నాను, తల ఊపి ఊరుకుంది. తలుపు వెనక నుంచి విన్న అక్క కూడా, ఖాలా అన్నదాంట్లో తప్పేముంది, తనైనా అదే మాట అనేదని నాతో చెప్పింది.

ఆ తర్వాత అక్కకు పెళ్లి కాలేదు. నమాజు మాత్రం ఒక్క పూట తప్పలేదు. ఒకసారి నమాజు చాప మడుస్తూ స్వర్గం గురించి అడిగింది: "అబ్బా, జన్నత్‌ల అందరి మొహాలు తెల్లగ మెరుస్తయంట గద. గప్పుడు మీరు నన్నెట్ల గుర్తుపడ్తరు?" పక్కనే ఉన్న నాకు ఒక్క జోకూ రాలేదు. అబ్బా ఆమె తల మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయారు.

మా కాలంలో ఇవన్నీ మొహం మీదే అనేవాళ్లు, ఏడవడానికైనా ఒక మాట మిగిలేది. ఇప్పుడు చదువులొచ్చాయి, మర్యాదలొచ్చాయి. ఆ మర్యాద ఎంత దూరం పోయిందంటే, పిల్ల ఆసుపత్రి నుంచి ఇంటికి రాకముందే తెల్లబరిచే క్రీము డబ్బా వచ్చి అల్మారాలో కూర్చుంది. ఎవరు తెచ్చారని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.